పక్క కుట్లలో వదిలిన గుడ్డ

దేవుడిచ్చిన తలాంతును దాచుకోకూడదని మా పాస్టరు గారు అంటుంటారు. నాకు చేతనైంది కుట్టుపనే. అందుకే మా ఉయ్యూరు చర్చిలో ఏ ఆడపిల్లకు పెళ్లి కుదిరినా, తెల్ల పట్టుచీర మీదికి జాకెట్టు నేనే కుట్టి కానుకగా ఇస్తుంటాను.

కిందటేడు మార్తక్క కూతురు షారోనుకు కుట్టాను. వేసుకుని చూసుకుని మురిసిపోతూ, "పక్కల్లో గుడ్డ ఇంత వదిలారేంటి ఆంటీ?" అంది.

"పెళ్లయ్యాక ఒళ్లు చేస్తావు కదే, అప్పుడు విప్పుకుంటావులే" అన్నాను. సిగ్గుపడి నవ్వింది.

పెళ్లి ఇంకా వారం ఉందనగా జ్వరమొస్తే విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచి శవమై వచ్చింది.

"పెళ్లిచీరలోనే పంపుదాం కరుణా" అంది మార్తక్క. కానీ పిల్ల ఒళ్లంతా నీరుపట్టి ఉబ్బిపోయింది. జాకెట్టు ఎక్కలేదు. బయట శవపెట్టె సిద్ధంగా ఉంది, పాటలు మొదలయ్యాయి. "వెనక చీల్చేయండి, ఎవరికి కనబడుద్ది?" అన్నారెవరో. నాకు మనసొప్పలేదు. షారోను పక్కనే కూర్చుని, పక్క కుట్లు విప్పి, అంచు వెంబడి మళ్లీ కుట్టాను. వదిలిన గుడ్డంతా అక్కడికే సరిపోయింది.

హుక్కులు పెడుతుంటే మార్తక్క నా చెయ్యి పట్టుకుంది. "మంచిపని చేశావమ్మా, గుడ్డ వదిలావు" అంది.

ఇప్పటికీ పెళ్లికూతుళ్లకు కుడుతూనే ఉన్నాను. పక్కల్లో గుడ్డ వదిలేటప్పుడు మాత్రం మిషను ఆపి ప్రార్థన చేస్తాను, ఇది విప్పే రోజున ఆ పిల్ల ఒళ్లో బిడ్డ ఉండాలని.

— ఎం. కరుణ, ఉయ్యూరు