హోవిక్ మంచులో వల్లీ గులాబీలు

సూబయ్య పుట్టింది, కాయగూరలు పండించింది, పెళ్ళాన్ని పోగొట్టుకుంది, అన్నీ క్లెయిర్‌వుడ్‌లోనే. డర్బన్ రేవు పక్కనున్న ఆ పల్లపు నేలను తెల్లవాళ్ళ ఏలుబడిలో ఎప్పుడో పరిశ్రమల ప్రాంతమని కాగితాల మీద మార్చేశారు. అక్కడున్న మనుషుల్ని ఎవరూ అడగలేదు. తోటలు ఒక్కొక్కటే లారీల యార్డులయ్యాయి. దేశంలో అందరికీ ఓటు హక్కు వచ్చిన తొంభై నాలుగు ఏప్రిల్‌లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, సూబయ్య జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. మే నెలలో ఇంటి యజమాని స్థలం అమ్మేశానని కబురు పెట్టాడు. దేశం చేతికొచ్చిన నెలకే ఇల్లు చేజారింది.

కూతురు మ్యూరియెల్ హోవిక్‌లో నర్సు. సముద్రానికి దూరంగా, కొండల్లో ఉన్న చలి ఊరు అది. మొన్నమొన్నటిదాకా భారతీయులు ఇల్లు కొనడానికి వీల్లేని వీధిలో ఆమె అప్పుడే ఒక ఇల్లు కొనుక్కుంది. తండ్రిని తీసుకుపోవడానికి వ్యాను మాట్లాడుకుని వచ్చింది. ఆయన మంచం వదిలేశాడు, బీరువా వదిలేశాడు. భార్య వల్లీ నాటిన అయిదు గులాబీ మొక్కల్ని మాత్రం మట్టిగడ్డలతో సహా తవ్వి, తడి గోనెల్లో చుట్టి, వ్యానులో తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

వల్లీ పోయి ఏడేళ్ళు. ఏటా ఆగస్టు ముప్పయ్యో తేదీన, ఆమె పోయిన రోజున, ఆమె మొక్కకు పూసిన పువ్వే ఆమె పటానికి పెడతాడు. కొన్న పువ్వు పెట్టడు. అందుకే జులై మొదటి వారంలో కొమ్మలు కత్తిరించేవాడు. క్లెయిర్‌వుడ్‌లో జులై అంటే చలికాలమే, కానీ పేరుకే. ఎనిమిది వారాలు తిరిగేసరికి మొగ్గ విచ్చేది. ఎరువు కూడా ఆ రోజుల్లోనే. సార్డీన్ చేపల మందలు ఒడ్డుకు వచ్చినప్పుడు వలల దగ్గర మిగిలిన తలలూ పేగులూ బకెట్లతో తెచ్చి మొక్కల మొదట్లో పాతేవాళ్ళు అక్కడి తోటమాలులు. ఆ ఇసుక నేల ఎంత పెట్టినా నిలుపుకోదు. నాలుగు తడులు పడితే సారమంతా కిందికి జారిపోతుంది. అందుకని లెక్క చూడకుండా పెట్టేవాళ్ళు.

ఆ జులైలో సూబయ్య పనిగట్టుకుని డర్బన్ వెళ్ళి రెండు బకెట్ల చేప తెచ్చాడు.

"నైనా! ఇల్లంతా రేవు కంపు!" అని మ్యూరియెల్ కిటికీలన్నీ తెరిచింది.

"మీయమ్మ చెయ్యి ఎప్పుడూ ఇదే కంపు. అప్పుడు ఆ చేత్తోనే అన్నం తిన్నావు గదా, ఇప్పుడు సిస్టర్ అయిపోయినావా?"

ఆయన కత్తెర పట్టుకున్న పూటే పక్కింటి తెల్లావిడ కంచె దగ్గరికి వచ్చింది. పేరు డేజీ. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో గులాబీలు పెంచుతోంది.

"ఇప్పుడే కత్తిరించకండి. ఇక్కడ ఆగస్టు చివరిదాకా మంచు పడుతుంది. లేత చిగుళ్ళు మాడిపోతాయి. ఎరువు కూడా అప్పుడే వద్దు" అంది ఇంగ్లీషులో.

సూబయ్య తల వంచి "యెస్, మేడమ్" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళగానే మొదటి కొమ్మ నరికాడు. అయిదూ కత్తిరించాక ఒక బకెట్టు చేప మొదట్లో పాతాడు.

"నైనా, ఆమె ఆగమంది కదా!" వంటింట్లోంచి మ్యూరియెల్ అరిచింది.

"ఐకోనా, ఆగేదే లేదు! దానికేం తెలుసు? డర్బన్‌లో తెల్లోళ్ళుండే బెరియాలో దొరసానుల రోజాలకి ఇరవై ఏళ్ళు కత్తెర పెట్టింది ఎవడు? ఈ సూబయ్య. వాళ్ళు కుర్చీలో కూచుని వేలు చూపించేవోళ్ళు, అంతే. ఇది నా కూతురి యార్డు. ఇక్కడ కూడా మేడమే చెప్పాలా నాకు?"

"ఆమె మేడమ్ కాదు నైనా, నేబరు."

"నేబరా? ఎప్పటినించి? ఓటు ఏసినప్పటినించా?"

మ్యూరియెల్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్ళీ వంటలో పడింది.

జులై చివరికి ఎర్రటి చిగుళ్ళు వేలెడంత లేచాయి. "చూసినావా?" అని సూబయ్య రోజూ కూతురిని చెయ్యి పట్టి తీసుకెళ్ళి చూపించాడు. ఆగస్టు రెండో వారంలో ఒకనాడు తెల్లవారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పరుచుకుంది. మధ్యాహ్నానికి చిగుళ్ళన్నీ నిప్పు సోకినట్టు నల్లబడి వేలాడాయి. ముసలాయన కంగారుపడ్డాడు. మొక్కకు ఆకలేసి నీరసించిందనుకుని మిగిలిన బకెట్టు కూడా తెచ్చి పాతాడు. క్లెయిర్‌వుడ్ ఇసుక మింగేసేదంతా ఇక్కడి ఎర్ర బంకమట్టి వేళ్ళ దగ్గరే పట్టి ఉంచింది. కొత్తచోట ఇంకా కుదురుకోని వేళ్ళు ఆ ఎరువు వేడికి కుళ్ళాయి. మళ్ళీ మంచు పడింది. నెలాఖరుకు గోటితో బెరడు గీకితే లోపల పచ్చదనం లేదు. అయిదింటిలోనూ లేదు.

ముప్పయ్యో తేదీ పొద్దున మ్యూరియెల్ సూపర్‌మార్కెట్ నుంచి గులాబీలు తెచ్చింది.

"పెట్టు నైనా. అమ్మ ఏమీ అనుకోదు."

"అనుకోదు. ఎప్పుడనుకుంది గనక!"

అన్నం, పప్పు, కర్పూరం పెట్టాడు. పువ్వు పెట్టలేదు. పటం ముందు కూర్చుని, "వల్లీ, నేనే సంపినా" అన్నాడు.

మూర్ఖపు ముసలాడు, చెప్పినా వినలేదు అని తీర్పు చెప్పడం తేలిక. కానీ జీవితమంతా తెల్లవాళ్ళ నోటినుంచి ఆజ్ఞలే విన్న మనిషికి, ఒక తెల్లావిడ నోటినుంచి వచ్చిన మంచిమాట మంచిమాటలా ఎలా వినబడుతుంది? పోయిన భూములకు పరిహారం ఇస్తామని ఆ ఏడాది చట్టం తెచ్చారు. ఎన్ని అడుగుల నేల పోయిందో రాసి ఇవ్వవచ్చు. ఒక మనిషి చెవిలోంచి నమ్మకాన్ని ఎన్నేళ్ళపాటు తవ్వుకుపోయారో ఎవరు కొలుస్తారు?

ఆ సాయంత్రం డేజీ తన మొక్కల్ని కత్తిరిస్తోంది. సూబయ్య కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎరువు ఎప్పుడేస్తారు?"

"చిగురు రెండంగుళాలు లేచాక."

"ఎంత?"

"చారెడు. ఈ మట్టి పెట్టింది వదలదు."

ఆయన తల ఊపాడు. చిగురు వచ్చే ఏ కంటికి పైన కోత పెట్టాలి, నీళ్ళు ఏ పూట పోయాలి, మొదట్లో గడ్డి ఎంత మందాన కప్పాలి, ఒక్కొక్కటే అడిగాడు. అన్నీ శ్రద్ధగా విన్నాడు, ఒక్క మొక్కా లేని ఆ మనిషి.

"మీ చెట్లు పోయాయని చూశాను" అంది డేజీ, కత్తెర దించి. "నా దాంట్లోంచి నాలుగు కొమ్మలు ఇస్తాను, నాటుకోండి. రెండేళ్ళలో పూస్తాయి."

"వద్దమ్మా" అన్నాడు సూబయ్య. "నేను పెంచింది పూల కోసం కాదు, నా భార్య నాటినవని."