చింతపండు తిని నవ్విన బావ

మా బావ జయరామయ్యకు తినే వస్తువంటే భయం. భయమున్నవాడు తినడం మానేస్తాడని మీరనుకుంటారు. మా బావ అలాంటివాడు కాదు. ఎవరి ముందు ఏ పదార్థం కనిపించినా మొదటి ముద్ద తనే తిని, కళ్ళు మూసుకుని, తన నాడి తనే పట్టుకుని కూచుంటాడు. ఆయన కళ్ళు తెరిచేదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "ఏమన్నా అయితే?"

గోరంట్లలో మాది చింతపండు మండీ. మాది అంటే బావది. నేను ఆయన బామ్మర్దిని, వేణుగోపాల్‌ని, తూకం దగ్గర నిలబడేవాణ్ణి. మండీ వెనకే ఇల్లు. కాబట్టి ఆయన భయాలను ఇంట్లోనూ అంగట్లోనూ రెండు పూటలా చూసే అదృష్టం నాకు పట్టింది.

ఆయన కూతురు సుష్మిత చంటిపిల్లగా ఉన్నప్పుడు గ్రైప్ వాటర్ సీసాలో సగం ఆయనే తాగాడు. "పాపకు ఏమన్నా అయితే?" అని ఒక మూత, ఏమీ కాలేదని గట్టి చేసుకోవడానికి ఇంకో మూత. ఒకసారి నాకు జ్వరమొచ్చి డాక్టరు మాత్రలిస్తే మొదటి మాత్ర తను మింగాడు. మింగి, కళ్ళు తిరుగుతున్నాయని మంచమెక్కాడు. నేను జ్వరంతోనే లేచి ఆయన కాళ్ళు పట్టాను.

ధర్మవరంలో మా బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇంకా ఘోరం. పంక్తిలో అందరికీ వడ్డన అయింది. బావ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

"ఉండండప్పా! ఎవురూ చెయ్యి పెట్టొద్దండి. సూస్తాండా."

వంకాయకూర ఒక ముద్ద తిని నాడి పట్టుకున్నాడు. ఇది ఆడపెళ్ళివారి ఆచారం కాబోలనుకుని మగపెళ్ళివారంతా చేతులు కట్టుకుని కూచున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన భక్తిగా కళ్ళు కూడా మూసుకున్నాడు. సాంబారు చల్లారిపోయింది. చివరికి వంటవాడు గరిటె పట్టుకుని వచ్చి, "ఏమప్పా, నా వంటకు ఏమొచ్చినాది?" అని మీద పడితే గానీ బావ కళ్ళు తెరవలేదు.

తీపి ఒక్కదానికి మాత్రం ఈ పరీక్ష లేదు. లడ్డూ వచ్చినా జిలేబీ వచ్చినా విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు. "పళ్ళు జివ్వుమంటాయప్పా. మీరు తినండి, తీపికి ఏమీ కాదు" అంటాడు. మా అక్క ఆదిలక్ష్మికి షుగరు కాబట్టి ఆమె విస్తట్లోనూ తీపి ఉండదు. రెండు లడ్డూలూ నాకే వచ్చేవి. నాకు ఏమన్నా అవుతుందన్న భయం ఆయనకు ఎందుకు లేదా అని అప్పుడప్పుడు అనిపించేది, కానీ లడ్డూ చేతిలో ఉండగా అంత లోతుగా ఆలోచించలేం కదా.

ఇలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన వృత్తి కూడా రుచి చూడడమే. చింతపండుకు రంగు, కండ ఎవరైనా చూస్తారు. పులుపు చూడాలంటే మా బావే చూడాలి. ఒక రెబ్బ నోట్లో వేసుకుంటాడు. ఒక కన్ను మూస్తే మామూలు రకం. రెండు కళ్ళూ మూస్తే మంచి రకం. రెండు కళ్ళూ మూసి, చెవులు కూడా కదిలాయంటే కరిపులి, అన్నిటికన్నా మేలు రకం. నోటితో ఏమీ చెప్పడు. రైతులు తమ మూటల వైపు చూడరు, బావ చెవుల వైపు చూస్తారు. ఆ చెవులు చెప్పిన మాటను హిందూపురం యార్డులో కొనేవాళ్ళు కూడా కాదనరు.

ఈ వేసవిలో ఆ చెవులకే ముప్పు వచ్చింది.

సుష్మిత బెంగళూరు దగ్గర ఒక నర్సరీలో పనిచేస్తోంది. మండీ రద్దీగా ఉన్న ఒక ఉదయం బస్సు దిగి, చేతిలో ప్లాస్టిక్ డబ్బాతో వచ్చింది. మూత తీస్తే కరిగిపోతున్న ఐసు మధ్య మూడు పండ్లు. చిన్న రేగుపండంత, కోలగా, ఎర్రగా ఉన్నాయి.

"మిరాకిల్ ఫ్రూట్ అంటారు నాయనా. మా నర్సరీలో కాసినాయి. ఇది నమిలి నాలుకంతా తిప్పుకోవాల. ఆ తర్వాత పులుపు ఏది తిన్నా తియ్యగా ఉంటాది. చక్కెర లేకుండానే! అమ్మకని తెచ్చినా."

మా అక్క ఒకప్పుడు పాయసం గిన్నెను వేలితో తుడిచి నాకిన మనిషి. ఆమె చూపు ఇక ఆ డబ్బా మీది నుంచి కదలలేదు.

"చక్కెర లేకుండానా?" అంది.

బావ డబ్బా లాక్కున్నాడు. "ఏమన్నా అయితే?"

"ఏం కాదు నాయనా, నేనూ తినినా."

"నువ్వు వయసులో ఉండావు. రాయి తినినా అరుగుతాది. మీ అమ్మ షుగరు మనిషి. ముందు నేను తింటా."

"నువ్వు ఇప్పుడు తింటే యెట్లా? ఒక గంటసేపు నీకు పులుపు తెలీదు. ఆడ మండీలో రైతులు కూచోనుండారు."

"సాయంత్రం తింటా అయితే."

"అంతసేపు నిలవుండవు. తెంపి అప్పుడే రెండు దినాలాయె."

బావ ఒకసారి మండీ వైపు చూశాడు. ఒకసారి అక్క వైపు చూశాడు. పండు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు, తిప్పాడు, గింజ ఉమ్మాడు, నాడి పట్టుకున్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"సప్పగా ఉండాది. దీనికి ఇంత కథనా?" అని కళ్ళు తెరిచాడు.

అప్పుడే మండీలోంచి "సెట్టీ!" అని కేక వినిపించింది. నల్లమాడ వైపు రైతు బయ్యన్న. వానల్లేక ఈసారి ఆయన వేరుశనగ మొత్తం నేలలోనే ఎండిపోయింది. గట్ల మీది చింతచెట్లు మాత్రం కాశాయి. ఆ ఇంటికి ఏడాదంతా ఆధారం ఆ మూటలే. మధ్యాహ్నం లారీ హిందూపురం పోతుంది. ఆలోపు రకం తేలకపోతే సరుకు ఇక్కడే మిగిలిపోతుంది.

బావ అలవాటు ప్రకారం మూట విప్పి ఒక రెబ్బ నోట్లో వేసుకున్నాడు. బయ్యన్న వంగి ఆయన చెవులకేసి చూస్తున్నాడు.

బావ నవ్వాడు.

మామూలు నవ్వు కాదు. పెళ్ళి ఫొటోలో కూడా నవ్వని మనిషి, చవితి ఉండ్రాళ్ళు చూసిన పిల్లాడిలా నవ్వాడు. బయ్యన్న మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఏమప్పా సెట్టీ, నవ్వుతాండావు? ఇన్నేండ్లుగా వస్తాండా, నీ పళ్ళు ఇప్పుడే సూస్తాండా. అంత పాడైపోయినాదా సరుకు?"

బావ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇంకో మూటలోంచి ఇంకో రెబ్బ తీసి వేసుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు సరికదా, ఇంకా పెద్దవయ్యాయి. నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయాడు.

"వేణూ, నా నాలుక పోయింది రా!"

"ఎక్కడికీ పోదు మామా, ఒక గంటలో వస్తాది" అని సుష్మిత నాతో చెప్పింది. "పండులో ఒక పదార్థం నాలుకకు అతుక్కుంటాది. అంతే."

"అతుక్కునేది అతుక్కున్యాది. ఊడకపోతే?" అన్నాడు బావ.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. నిమ్మకాయ కోయించి పిండుకున్నాడు. తీపి. ఇంకోటి కోయించాడు. అదీ తీపే. పచ్చిమామిడికాయ తెచ్చాం. టెంక దాకా తిని, "కలకండ!" అని నెత్తి కొట్టుకున్నాడు. గోంగూర పచ్చడి జాడీ సగం ఖాళీ చేశాడు. పచ్చిమిరపకాయ కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"కారం తెలుస్తాండాది. ఉప్పు తెలుస్తాండాది. పులుపొకటే పోయింది. నా బువ్వంతా పులుపులోనే కదరా ఉండేది!"

వేడినీళ్ళు పుక్కిలించాడు. ఉప్పుతో తోమాడు. బద్దతో నాలుక గీసి గీసి ఎర్రగా చేసుకున్నాడు. నాలుక మాత్రం తియ్యగానే ఉంది.

బయట బయ్యన్న నా కోసం కాచుకుని ఉన్నాడు. "అన్నా, మామూలు రకం కూడా కాదా?"

"అట్లేం లేదు బయ్యన్నా. బావకు కొంచెం ఒంట్లో బాగలేదు. నేను చూస్తా ఉండు."

ఒక రెబ్బ వేసుకున్నాను. రెండు కళ్ళూ వాటంతటవే మూసుకున్నాయి. తెరిచేసరికి బయ్యన్న నా చెవుల చుట్టూ తిరుగుతున్నాడు.

"కదల్లేదే!"

"నా చెవులు ఎప్పుడూ కదలవప్పా."

"అయితే వద్దులే అన్నా. నీది కాఫీలు తాగే నాలుక. సెట్టినే రానీ."

గంట గడిచింది. బావకు ఇంకా తియ్యగానే ఉంది. "కొందరికి రెండు గంటలుంటాది" అని సుష్మిత అన్నది గానీ, ఆ మాటలో ముందున్న ధైర్యం లేదు. పక్కకెళ్ళి ఎవరికో ఫోను చేసి గుసగుసగా మాట్లాడింది. అది చూసి నాకూ భయం పట్టుకుంది. లారీ డ్రైవరు హారను కొట్టాడు. బయ్యన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, మూటల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

నేను ఉండబట్టలేక బావ చెవిలో చెప్పాను. "సరుకు కళ్ళకే తెలుస్తోంది బావా. కరిపులి అని చెప్పేయ్. లారీ ఎక్కిద్దాం."

"నాలుక చెప్పందే నోటితో యెట్ల చెప్పేది? ఆ మనిషి ఏడాది బతుకంతా ఆ మూటల్లో ఉండాది. ఆడ యార్డులో కాదంటే మళ్ళా ఆయప్ప మాట ఎవురు నమ్ముతారు? ఏమన్నా అయితే?"

ఆ మాటకు నవ్వు రాకపోవడం నాకదే మొదటిసారి.

ఇంతలో అక్క మెల్లగా డబ్బా వైపు చెయ్యి చాపింది. బావ గభాలున లేచాడు.

"ముట్టుకోవద్దు! నాలుక పోతే నాదొకటే పోనీ. నీది కూడానా?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఐసు నీళ్ళయిపోయింది. ఆ నీళ్ళలో రెండు పండ్లు తేలుతున్నాయి.

బావ వెళ్ళి బయ్యన్న మూట మీదే కూలబడ్డాడు. ఒక రెబ్బ బుగ్గన పెట్టుకుని, నేలకేసి చూస్తూ కూచున్నాడు. డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు.  ఉన్నట్టుండి బావ ఎడమ కన్ను మూసుకుంది. మేం ముందుకు వంగాం. కుడి కన్ను కూడా మూసుకుంది. మొహమంతా ముడుచుకుపోయింది. తర్వాత ఆ రెండు చెవులూ, చల్లగా, ఒకదాని వెంట ఒకటి కదిలాయి.

"కదిలినాయప్పా! చెవులు కదిలినాయి!" అని బయ్యన్న నన్ను ఎత్తి తిప్పాడు. మూటలు క్షణాల్లో లారీ ఎక్కాయి. బావ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. కొంగు అక్కది.

లారీ వెళ్ళాక డబ్బా తనే అక్క ముందుకు జరిపాడు. "తిను. ఏమీ కాదు. పోయేది మళ్ళా వస్తాది."

అక్క ఒక పండు తీసుకుని, రెండోది ఆయన వైపు పెట్టింది. "మీరూ తినండి."

"నాకు తీపి పడదు గదా. పళ్ళు..."

"పొద్దన్నుంచి బుట్టెడు నిమ్మకాయలు, మామిడికాయలు తింటిరి. అన్నీ తీపే అంటిరి. పళ్ళు జివ్వుమన్నాయా?"

"అవి... అసలుకు పులుపు గదా."

"దినామ్మూ చింతపండు నమిలే మనిషికి పులుపుకు జివ్వుమనని పళ్ళు, లడ్డూకి జివ్వుమంటాయా? నాకు షుగరొచ్చిన నెలలోనే మీ పళ్ళు చెడినాయి. ఒక డాక్టరుకు సూపించింది లేదు. నేనేమన్నా ఎర్రిదాన్నా?"

 నేను ఇన్నేళ్ళు తిన్న లడ్డూలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. పిరికివాడని ఎంత నవ్వుకున్నాం! తన ప్రాణానికి భయపడేవాడు అందరికన్నా వెనక తింటాడు గానీ ముందు తింటాడా? ఈ చిన్న లెక్క మా ఇంట్లో అక్కకు తప్ప ఎవరికీ తట్టలేదు. మా బావ మీద నాకు ఆ నిమిషంలో కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

"ఈసారి ముందూ వెనకా లేదు" అంది అక్క. "ఇద్దరం ఒగేసారి."

"ఏమన్నా అయితే?"

"ఇద్దరికీ అయితాది."

బావ పండు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "వేణూ, మండీ తలుపులు దగ్గరికెయ్యి. నా నాలుక ఇంట్లో లేదని చెప్పు."

సీజన్లో పట్టపగలు మా మండీ మూయడం నేను చూసింది ఆ రోజే. తలుపు వేస్తుంటే, మరిచిపోయిన తువ్వాలు కోసం బయ్యన్న వెనక్కి వచ్చాడు. సందులోంచి లోపలికి తొంగి చూశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఉన్నారు. మధ్యలో పులిసిన పెరుగు గిన్నె, నిమ్మకాయ చెక్కలు, ఒక చింతపండు ముద్ద. "పాయసం మాదిరే ఉండాది!" అంటోంది అక్క, గిన్నెను వేలితో తుడుస్తూ. బావ నాడి పట్టుకోలేదు. నాడి పట్టుకునే చేత్తో అక్క గిన్నెలోకి ఇంకాస్త పెరుగు వేసి, చింతపండు రెబ్బ నోట్లో పెట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

బయ్యన్న గాభరాగా నా భుజం పట్టుకున్నాడు.

"ఏమన్నా ఇది, మళ్ళా నవ్వుతాండాడే! ఈసారి ఆయమ్మ కూడా నవ్వుతాండాది. ఇదేం రకమప్పా?"

"ఇది యార్డుకు పంపే రకం కాదులే బయ్యన్నా" అని ఆయన తువ్వాలు ఆయన చేతికిచ్చి, తలుపు మూశాను.