మామయ్య బీపీ చూసిన సాయంత్రాలు

సోమవారం. వాకిలి ఊడ్చాను, నీళ్లు పట్టాను, పాలు కాచాను, కాగితం మిల్లులో మొదటి షిఫ్టుకు వెళ్లే మా ఆయనకు టిఫిన్ కట్టాను. టీ గ్లాసు తీసుకెళ్లి మా మామయ్యను పిలిస్తే పలకలేదు. నిద్రలోనే వెళ్లిపోయారు.

చూడవచ్చిన వాళ్లంతా, కన్నబిడ్డలా చూసుకున్నావని నన్ను మెచ్చుకున్నారు. నాకు తలెత్తాలనిపించలేదు.

ఆయన బీడీలు చుట్టే తునికాకు కల్లాల దగ్గర మేస్త్రీగా చేసి, పెద్దతనంలో సారపాకలో మా దగ్గరికి వచ్చారు. మా ఇళ్లలో కోడలు మామ ముందు కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. నేను వస్తున్నానని తెలియడానికి గాజులు కదిలించేదాన్ని. ఆయన వసారాలోకి వచ్చేముందు దగ్గేవారు. ఏళ్ల తరబడి మేం ఒకరికొకరం చప్పుళ్లుగానే తెలుసు.

బీపీ ఉందని తేలాక, రోజూ ఇంట్లో చూడమన్నారు భద్రాచలంలో డాక్టరు. మా ఆయన మిషన్ కొని, వాడటం నేర్పి, డ్యూటీకి వెళ్లిపోయారు. అత్తమ్మకు చూపు ఆనదు. ఇక మిగిలింది నేను.

మొదటిరోజు మామయ్య నిలబడే చేయి చాచారు, మొహం అవతలికి తిప్పుకుని. కోడలి చేయి తగలకుండా తువ్వాలు కప్పుకున్నారు. ఆ తువ్వాలు మీదే పట్టీ చుట్టి, గోడ వైపు చూస్తూ మీట నొక్కాను.

"అడవిల ఎలుగ్గొడ్డుకు ఎదురువోయిన మనిషి, గీ పట్టీకి వణుకుతుండు చూడు!" అంది అత్తమ్మ.

"నువ్ జర ఊకోవే," అన్నారు మామయ్య.

పై అంకె రోజూ నూట డెబ్బై దాటేది. శ్రద్ధగా రాసుకుని వెళ్లి చూపించాను. డాక్టరు మాత్ర పెంచారు. కొద్ది రోజులకే మామయ్య మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. నుదురు చిట్లింది. కట్టు కట్టించడానికి భద్రాచలం తీసుకెళ్లాం.

"మిషన్ తెచ్చిన్రా? ఏదమ్మా, నా ముంగట చూడు," అన్నారు డాక్టరు. ఎప్పటిలాగే చేశాం. మామయ్య నిలబడి, పైన తువ్వాలు, మా మొహాలు చెరోవైపు. నూట అరవై.

"ఏందమ్మా గిది? రోజూ గిట్లనేనా?"

డాక్టరు మామయ్యను కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టారు. పాదాలు నేలమీద, చేయి బల్లమీద గుండె ఎత్తున. ఐదు నిమిషాలు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తరవాత చొక్కా చేయి పైకి తీసి, ఒంటికే పట్టీ చుట్టారు. నూట పది.

"గుండె రక్తాన్ని తోసినప్పటిది పై అంకె, కుదుటపడ్డప్పటిది కింది అంకె. మీరు దాన్ని కుదుటపడనిస్తలేరు. ఇన్ని దినాలు నేను మీ సిగ్గుకు మందు రాసిన."

నుదుటి కట్టుతో మామయ్య నేల చూస్తూ అన్నారు: "బిడ్డ తప్పేం లేదు సారూ. నేనే గట్ల నిలవడ్డ."

ఆ మాటకు భూమిలోకి కుంగిపోయాను. మిషన్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ వేసి మరీ ఉంది, చొక్కా చేయి ఎత్తి కూర్చున్న మనిషి. నేను చూశాను. తువ్వాలు తీయండని ఒక్కమాట అనడానికి నోరు రాలేదు. మామయ్య ఒంటికి ఏమవుతుందో అన్నదానికంటే, చూసినవాళ్లు ఏమంటారో అన్నదే నాకు పెద్దదైంది.

మాత్ర తగ్గించారు. మర్నాటి నుంచి వసారాలో రెండు కుర్చీలు వేశాను. ముందు ఐదు నిమిషాల మౌనం, తరవాత బీపీ, ఆ తరవాత నెమ్మదిగా మాటలు. "అడవిల దారి తప్పితే ఉరుకొద్దు బిడ్డా, కూసోవాలె. కూసుంటే యాడనో నీళ్ల చప్పుడు ఇనిపిస్తది," అనేవారు.

ఒక సాయంత్రం నేను తలనొప్పితో కణతలు నొక్కుకుంటుంటే, పట్టీ తన చేతిలోకి తీసుకున్నారు.

"ఇయ్యాల నీది చూద్దాం."

తెలియకుండానే కొంగు చేతిమీదికి లాక్కున్నాను. ఆయన అది చూశారు. తన కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"జల్దీ ఏం లేదు. నీ గుండె కుదుటపడ్డంక చెప్పు."

వెదురు లారీలు ఒకదాని వెనక ఒకటి మిల్లు వైపు పోతున్నాయి. ఆయన వాటిని చూస్తూ, పట్టీని ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపైనా కూర్చోగలనన్నట్టు కూర్చున్నారు.