మలుపు దగ్గర చప్పుడు

అమెరికాలో, మా అల్ఫారెట్టాలో మనవాళ్లెవరు ఇల్లు మారినా మొదటి ఫోన్ పరంధామయ్యకే వెళ్లేది. సోఫా మోయాలన్నా ఆయనే, వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్లాలన్నా ఆయనే. పికప్ ట్రక్కు ఉన్నది ఆయనకు మరి! అడిగితే లేదనే నోరు కూడా కాదు. పనయ్యాక ఒక్కరైనా "భోంచేసి వెళ్లండి" అన్నారా? ఏరు దాటాక తెప్ప తగలేసే రకం మనం. చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆఫీసులో ఆయన పని డేటాబేస్‌లతో. పిల్లలు లేరు. భార్య నాగమల్లేశ్వరి ఆ ట్రక్కును సవతి అనేది. "ఆవిడకైతే ఆయిల్ పోస్తారు, ఒళ్లు రుద్దుతారు. నాకు తలనొప్పొస్తే జండూబామ్ ఎక్కడుందో కూడా ఈయనకి తెలీదు" అని నలుగురిలో దెప్పేది. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

ఓసారి ఎవరిదో పియానో వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే ట్రక్కు ఆయాసపడింది. వెనకున్న కార్లన్నీ హారన్లు మోగించాయి. పరంధామయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి వీడియోల ముందు కూర్చున్నాడు.

"ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు మల్లీ. గాలి పీల్చే దారీ ఇరుకే, పొగ వదిలే దారీ ఇరుకే. రెండూ మార్చేస్తా."

"మార్చండి. వంటింటి కుళాయి కారుతోందని మూణ్ణెల్లుగా మొత్తుకుంటున్నా, అది మాత్రం మార్చకండి."

కంపెనీ బిగించిన నల్ల ప్లాస్టిక్ గాలిపెట్టె ఊడదీసి, లావుపాటి గొట్టమూ దాని చివర పెద్ద ఫిల్టరూ పెట్టడం ఒక్క పూటలో అయిపోయింది. తంటా అంతా కిందున్న సైలెన్సరుతోనే వచ్చింది. తుప్పు పట్టిన బోల్టులు నూనె పోస్తే కదిలాయి కానీ, గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు పట్టీలు ససేమిరా అన్నాయి. ఆయన ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని చెమటలు కక్కుతుంటే మల్లేశ్వరి గిన్నెలు తోమే సబ్బు నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"ఇదెందుకే?"

"గాజులు బిగుసుకుపోతే సబ్బు రాసి తీయమూ? అదీ అంతే, రాయండి."

రాశాడు. పట్టీ సర్రున జారింది. ఆయన ట్రక్కు కిందనుంచే ఓ దణ్ణం పెట్టాడు.

కొత్త సైలెన్సరు బిగించి తాళం తిప్పితే, అబ్బో, అది చప్పుడా! ఎదురింటి కుక్క మొరగడం మరిచి లోపలికి పారిపోయింది. మల్లేశ్వరి చెవులు మూసుకుంది. "ఏవిటండీ ఈ గోల! కాలనీ అసోసియేషన్ వాళ్లు మనల్ని తట్టాబుట్టా సర్దుకోమంటారు!"

"దమ్మంటే అదే మరి!" అన్నాడాయన, బారసాల చేసుకుంటున్న తండ్రిలా వెలిగిపోతూ. పాత సైలెన్సరును గరాజ్‌లో ఆవకాయ జాడీల పక్కన దాచాడు. దానిమీద ఇంకో పోట్లాట.

ఎత్తుల మీద ట్రక్కు హుషారుగా దూకసాగింది. సాయంత్రం ఆయన చెప్పులు విడిచేసరికి పొగలు కక్కే టీ చేతికొచ్చేది. ఆఫీసునుంచి ఏ వేళకు వచ్చినా సరే, చల్లారిందీ లేదు, ఆలస్యమైందీ లేదు. అదెలా కుదురుతోందా అని ఆయనెన్నడూ ఆలోచించలేదు. మొగుళ్లకు ఆ తీరిక ఎక్కడిది!

అంతలో మల్లేశ్వరికి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నారు. స్కాన్ చేసిన డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కుని మరీ కూర్చున్నప్పుడే ఆయనకు సగం అర్థమైపోయింది. పాంక్రియాస్‌లో కాన్సర్, అప్పటికే పాకిపోయింది. కీమో చేశారు. కొన్నాళ్లకు అదీ ఆపి, ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. వెలుగు గుచ్చుకుంటోందని బ్లైండ్స్ దించేశారు. గాజులు సబ్బు అక్కర్లేకుండానే జారిపోతుంటే తీసి గూట్లో పెట్టారు.

ఉద్యోగం మానేస్తే ఇన్సూరెన్స్ పోతుంది. అంచేత ఆయన ఆఫీసుకు వెళ్లక తప్పేది కాదు. పగలు పక్కింటి జ్ఞానప్రసూన వచ్చి కూర్చునేది. ఎందరం సామాన్లు మోయించుకున్నామో, అందరిలోకీ కదిలొచ్చింది ఆ ఒక్క మనిషే.

ట్రక్కు రొద మల్లేశ్వరి తలలో మేకులు కొడుతుందేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. ఓ ఆదివారం పాత సైలెన్సరే మళ్లీ బిగించేశాడు. ట్రక్కు పిల్లిలా రావడం మొదలుపెట్టింది.

"ట్రక్కు అమ్మేశారా?" అని అడిగింది మల్లేశ్వరి నాలుగు రోజులయ్యాక.

"లేదే. పాతది పెట్టాను, నువ్వు హాయిగా పడుకోవాలని."

"అవునా" అంది. ఇంకేమీ అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది! అంత ప్రేమగా చేసినదాన్ని వద్దనడం ఎలాగనుకుందో, ఏమో.

చప్పుడు పోవడం ఆయనకు ఇంకోలా కూడా కలిసొచ్చింది. ఇంటి ముందు ట్రక్కు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేవాడు. కళ్ల ఎరుపు తగ్గాక, మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని లోపలికి వెళ్లేవాడు. వచ్చినట్టు ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. ఏడుపు ఎంతకీ ఆగలేదు. మీటింగ్‌లో మ్యూట్ చేసిన ఫోన్ వెనకసీట్లో సంచిలోనే ఉండిపోయింది. చివరికి మొహం సర్దుకుని తలుపు తీశాడు.

మంచం పక్కన జ్ఞానప్రసూన వెక్కివెక్కి ఏడుస్తోంది. మల్లేశ్వరి కళ్లు మూసి ఉన్నాయి.

"ఇప్పుడా అన్నయ్యా రావడం? ఎన్నిసార్లు ఫోన్ చేశాను! ఆయనొచ్చారా, ఆయనొచ్చారా అని ఒకటే అడిగింది. ఇంకా రాలేదు వదినా, దార్లో ఉన్నారు అన్నాను. మలుపు దగ్గర చప్పుడు వినబడితే టీ పెట్టేదాన్ని ప్రసూనా, ఇప్పుడేమీ వినబడట్లేదు అంది. అదే ఆఖరి మాట."

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు పరంధామయ్య. "బయటే. ట్రక్కులోనే ఉన్నాను."

జ్ఞానప్రసూన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మంచం పట్టీ పట్టుకుని అలాగే నేలమీద కూలబడ్డాడు.

కర్మకాండ అయింది. మర్నాడు ఆయన గరాజ్ అరలో పెట్టేసిన కొత్త సైలెన్సరు కిందికి దించి, ట్రక్కు కింద దూరాడు. రబ్బరు పట్టీ మొరాయించింది. కాసేపు అలాగే పడుకుని ఉన్నాడు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, కారుతున్న కుళాయి కింద తనే సబ్బు నీళ్లు కలుపుకున్నాడు.

"అన్నయ్యా, ఈ చప్పుడుకి అందరూ తిట్టుకుంటున్నారు, కంప్లైంట్ ఇస్తారట" అని జ్ఞానప్రసూన మెల్లగా చెప్పి చూసింది.

"ఇవ్వనీ అమ్మా."

ఇప్పుడు రోజూ సాయంత్రం మలుపు దగ్గర ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతాడు. వీధి వీధంతా అదురుతుంది. ఇంటి ముందు ఆపాక ట్రక్కులో ఒక్క క్షణం కూర్చోడు. కళ్లు తుడుచుకోకుండానే గబగబా వెళ్లి తలుపు తీసి, "వచ్చేశానే మల్లీ" అంటాడు.