నేల ఉసిరి

ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. కొవ్వూరు దాటాక మా పాసింజరు వంతెన మీద ఆగిపోయింది. కింద గోదావరి, దిగే వీలు లేదు. ఎదుటి సీట్లో ఆమె పాత పేపర్ల మధ్య అదిమిన మొక్కలు సరిచూసుకుంటోంది. అందులో నేల ఉసిరిని గుర్తుపట్టాను.

“దీని మీదే నా పీహెచ్‌డీ అండి. మా అమ్మ నన్ను కలుపుమొక్కల డాక్టరంటుంది,” అని నవ్వింది. “ఆకులో యాంటీఆక్సిడెంట్లు బాగా ఉన్నాయండి. ల్యాబులో లివర్ కణాలను కాపాడుతోంది.”

“మరి మనిషిని?”

“అది ఇంకా చెప్పలేమండి. మీరెవరికైనా వాడారా?”

నా భార్యకు కామెర్లు వచ్చినప్పుడు రోజూ పరగడుపున ఈ పసరు నేనే తాగించాను. పసరు తాగినన్నాళ్లూ ఇంగ్లీషు మందు ముట్టకూడదని మా వైపు నియమం. ఆస్పత్రికి వెళ్దామని ఆమె అడిగితే, పథ్యం పూర్తి కానీ అన్నాను. పూర్తి కాకముందే పోయింది.

“మా ఆవిడకి,” అన్నాను.

“తగ్గిందా అండి?”

బండి ఇంకా కదల్లేదు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

“తగ్గిందమ్మా.”

సంతోషంగా నోటుపుస్తకం తీసి రాసుకుంది. “ఎన్ని రోజులకండి?”

“పన్నెండు.”

పసరు మొదలుపెట్టాక మా ఆవిడ బతికింది అన్ని రోజులే. ఆ అమ్మాయి అదీ రాసుకుంది.