గోగునార చిక్కం

మొన్న రాజాంలో తాడు కొందామని వెళ్తే, కొట్టు ముందు నైలాన్ చిక్కాలు వేలాడుతున్నాయి. దూడలు మట్టి తినకుండా మూతికి కట్టే అల్లికలు. కొట్టువాడు ఒకటి చేతికిచ్చి, ఎంత నానినా పాడవదన్నాడు. తాడు కొనకుండానే వచ్చేశాను.

మా ఇంట్లో చిక్కాలు గోగునారతో అల్లేవారు. అరవైల చివర, నేను ఐదో తరగతిలో, మా చెల్లి ఒకటో తరగతిలో ఉన్న ఏడాది, అయ్య రెండు అల్లాడు. ఒకటి కొత్తగా పుట్టిన పెయ్యదూడకి. రెండోది చెల్లికి.

ఆ రోజుల్లో బడిపిల్లల కడుపుల్లో పురుగులుండడం వింత కాదు. అందరం బడి వెనక తాటితోపులోకి వట్టి కాళ్లతో దొడ్డికి వెళ్లేవాళ్లం. పొడుగాటి ఏలికపాము ఎవడికి పడితే వాడు ఆ రోజంతా గొప్పగా తిరిగేవాడు. చెల్లికి అలాంటివేవీ పడలేదు. చిన్న పురుగులు లోపల ఉండి రక్తం తాగుతున్నాయని ఎవరికి తెలుసు? ముఖం ఉబ్బి పాలిపోయింది. బడికి వెళ్లేలోపు దారిలో కూలబడేది. గోడ మట్టి గిల్లుకుని తినేది, వాన పడితే మరీను. బలపాలు మిగలనిచ్చేది కాదు. కొట్టినా మానలేదు. ఆ రోగం వల్లే మట్టి తింటోందని మాకు తెలీదు. మట్టి తినడం వల్లే రోగమనుకున్నాం.

అదే సమయంలో పెయ్య కూడా మట్టి నాకి, పొట్ట వేలాడేసుకుని చావుదాకా వచ్చింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వెదురుగొట్టంతో పురుగులకి మందు పోసి, చిక్కం కట్టమని చెప్పి వెళ్లాడు. కొద్ది రోజులకే అది గెంతులు వేసింది. నాన్నమ్మ లెక్కలోకి మందు రాలేదు, చిక్కమే వచ్చింది.

"నోరు కట్టేస్తే పెయ్యకి తగ్గిపోనాది. గుంటకెందుకు తగ్గదురా?" అని చెల్లిని చూపించి అయ్యనడిగింది.

చెల్లంటే ఆవిడకు ప్రాణం. రోజూ తలకు నూనె రాసి, జడ వేసి, తాడు ఒరుసుకోకుండా పాతగుడ్డ చుట్టి, చిక్కం తనే కట్టి బడికి పంపేది.

"ఒసే పెయ్యా, కుడితి తాగేవేటి?" అని పిల్లలు వెంటపడేవారు. చెల్లి చిక్కంలోంచి "అంబా" అనేది. అందరం నవ్వేవాళ్లం. మేష్టారూ నవ్వేవారు. ఎక్కాలు అప్పజెప్పడానికి నోరు కావాలని విప్పేవారు, అయ్యాక ఆయనే మళ్లీ కట్టేవారు. కొన్నాళ్లకు చెల్లి అంబా అనడం మానేసింది.

వానలు వెనకబట్టాక ఇక లేవలేకపోతే, బండి కట్టుకుని ఆమదాలవలస తీసుకెళ్లాం. డాక్టరుగారు కంటిరెప్ప లాగి చూశారు. లోపల ఎరుపు లేదు. కడుపులో పురుగులకి ఎప్పుడైనా మందు పట్టారా అని అడిగారు.

"పట్టేం బాబూ," అంది నాన్నమ్మ ధైర్యంగా. "పెయ్యకి."

ఆయన పెద్దాసుపత్రికి చీటీ రాశారు. రక్తం ఎక్కించాలి, వెంటనే విశాఖపట్నం పొమ్మన్నారు. స్టేషన్లో చెల్లి నాన్నమ్మ ఒళ్లో పడుకుని ఉంది. ఒకసారి కళ్లు తెరిచి, "సిక్కం కట్టవేటే?" అని అడిగింది. రైలు వచ్చేవరకు ఉండలేదు.

పెయ్య ఆవయింది. దాని పాలు తాగి నేను పెద్దవాణ్ణయ్యాను. నాన్నమ్మ ఆ పాలు ముట్టలేదు. అది తొలిచూలు ఈనినప్పుడు, "గుంటుంటే ఇప్పటికి నాలుగో తరగతి సదివీది," అంది. ముసలిదై వట్టిపోయినప్పుడు, పిల్లల తల్లి అయ్యీది అంది. ఆవు చచ్చిపోయిన ఏడాది నుంచి మా చెల్లి వయసు పెరగలేదు.