మోతీ శోకం, నా పాండిత్యం

నాలుగు పుస్తకాలు చదివినవాడు ఒక కుక్కను చావు అంచుదాకా ఎలా తీసుకెళ్లగలడో చెప్తాను. ఆ ఘనుణ్ణి నేనే. కుక్క మా బాపుది, పేరు మోతీ.

బాపు పోయిన మూడు వారాలకు మోతీ తన వెనక కాలు తనే కొరుక్కోవడం మొదలుపెట్టింది. మొక్కజొన్న కంకి తిన్నట్టు, వరస తప్పకుండా. బొచ్చు ఊడింది, తోలు ఎర్రబడింది. ఛత్రినాకలో మా గల్లీ మొత్తానికీ అది దురదలా కనపడింది. నాకు మాత్రం శోకంలా కనపడింది. చదువుకున్నవాణ్ణి కదా!

"జర దాని ఒళ్లు సూడరాదురా," అంది అమ్మ.

"ఒంట్లో ఏం లేదమ్మా. లోపలి బాధను బయట కొరుక్కుంటుంది."

"బాధ నాకు లేదా? నేను చెయ్యి కొరుక్కుంటున్ననా?"

నేను ఇంకో పుస్తకం తెరిచాను. తగ్గితేనా! పోయినవాళ్ల పరుపూ బొంతా నెల తిరగ్గానే బయటికి ఇచ్చేయడం మా ఇంటి ఆనవాయితీ. "అదంతా మూఢనమ్మకం" అని ఉపన్యాసమిచ్చి, బాపు బొంతను ఆపి మోతీకి పరిచాను. ఆ వాసనకు దాని మనసు కుదుటపడుతుందని నా సిద్ధాంతం. రోజూ సాయంత్రం నేనూ ఆ బొంత మీదే కూర్చుని, దానికి మృత్యువు గురించి చదివి వినిపించాను. అది వింటూ మరింత గట్టిగా కొరుక్కుంది. శ్రోత అంతగా కదిలిపోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

నాకు తత్త్వం, కుక్కకు ప్రాణసంకటం. మోతీ తిండి మానేసింది. కాలు పుండయింది. లేచి నిలబడితే తూలుతోంది. అప్పుడొచ్చాడు యూసుఫ్ చాచా. బాపు దోస్తు, పక్కింట్లో చీరలకు జరీపని చేస్తాడు.

"ఏంది బేటా, గిట్లయింది?"

"శోకం చాచా. బాపు కోసం బెంగ."

చాచా కళ్లద్దాలు సర్దుకుని మోతీ చెవి మడిచాడు. "గిదేనా నీ శోకం?"

ఆముదం గింజలు అతికించినట్టు పిడుదులు. వేళ్ల సందుల్లో, తొడ కింద, తోక మొదట్లో. బొంత ఎత్తితే కుట్ల మధ్య పిల్లాపాపలతో ఇంకో ఊరు. మోతీ రక్తమంతా వాటి పాలే.

"రోజు పొద్దుగాల మీ బాపు దీన్ని ఒళ్లో ఏసుకొని ఏం జేస్తుండె?"

"నిమురుతుండె."

"నిమురుడు నీ తలకాయ! పిడుదులు ఏరుతుండె. గాసునూనె గిన్నె పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి అండ్ల ఏస్తుండె. ఇన్నేండ్లు ఎదురుంగ కూసొని సదువుకుంటివి, కనవడలే?"

కనపడలేదు.

చాచానే ఆటో పిలిచాడు. పశువుల డాక్టరు సూది వేసి, ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే కుక్క దక్కేది కాదన్నాడు. తిరిగొస్తూ నేను మోచెయ్యి గోక్కుంటుంటే చాచా ఓరగా చూశాడు.

"నీది గూడ శోకమేనా బేటా?"

ఇంటికి రాగానే అమ్మ బొంతను కాల్చేసింది. అగ్గిపెట్టె అందించింది నేనే.

మోతీ బాపు కోసం నిజంగానే ఎదురుచూసింది. దాని కారణాలు దానికున్నాయి. ఇప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంటున్నాను. బాపు కిరోసిన్ గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ జీవి దుఃఖం గురించైనా పుస్తకం తెరిచే ముందు దాని చెవి వెనక చూస్తాను. ఆ జీవి నేనైనా సరే.